‘ఇప్పుడిది ఏం చేస్తోంది?’: కాక్‌పిట్‌లో మనిషికీ ఆటోమేషన్‌కీ మధ్య పనిచేసే ఇంజినీర్లు

1990 ఫిబ్రవరి 14. పట్టపగలు, వాతావరణం బాగుంది. బొంబాయి నుంచి బెంగళూరు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం హాల్ ఎయిర్‌పోర్టు రన్‌వే దాకా చేరకుండానే ముందున్న గోల్ఫ్ మైదానంలో నేలకు తగిలింది. లోపలున్న 146 మందిలో 92 మంది చనిపోయారు. విమానం డొక్కుది కాదు. అప్పటికి ప్రపంచంలోనే అత్యాధునికమని పేరు తెచ్చుకున్న ఎయిర్‌బస్ ఎ320, సంస్థ చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు కూడా.

2013 జూలై 6. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతున్న ఏషియానా 214, బోయింగ్ 777. రన్‌వేకి ముందు సముద్రాన్ని ఆపే గోడకు తోక కొట్టుకుని విమానం గింగిరాలు తిరిగింది. 307 మందిలో ముగ్గురు పోయారు. అంతమంది బతకడమే ఆశ్చర్యం.

రెండు ప్రమాదాలకూ మధ్య 23 ఏళ్ళు. తయారీ కంపెనీలు వేరు, ఖండాలు వేరు. జరిగింది మాత్రం దాదాపు ఒకటే. దిగే దశలో ఇంజన్లు ఐడిల్‌లో, అంటే కనిష్ట శక్తిలో, ఉండిపోయాయి, వేగం పడిపోతూ వచ్చింది, కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళు దాన్ని పట్టుకునేసరికి ఆలస్యమైపోయింది. రెండుచోట్లా యంత్రం చెడిపోలేదు. తనకు చెప్పినట్టే చేసింది. ‘నాకు ఏం చెప్పారో మీకు తెలుసా?’ అని మాత్రం అడగలేదు.

ఇలాంటి ప్రమాదం జరిగిన సాయంత్రానికల్లా టీవీల్లో తీర్పు వచ్చేస్తుంది: పైలట్ తప్పిదం. ఆ మాటతో అందరికీ పని తేలికవుతుంది. తయారీదారు ఊపిరి పీల్చుకుంటాడు, విమానయాన సంస్థ ఇద్దరిని సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటుంది, ప్రయాణికుడు మర్నాడు మళ్ళీ టికెట్ కొనుక్కుంటాడు. కానీ విమానయాన పరిశోధనలో ఒక వర్గం ఉంది. వాళ్ళకు ‘పైలట్ తప్పు చేశాడు’ అన్నది జవాబు కాదు, అక్కణ్ణుంచే పని మొదలవుతుంది. వేల గంటలు నడిపిన మనిషికి ఆ క్షణంలో ఆ పని సరైనదిగా ఎందుకు తోచింది? అతని కళ్ళ ముందు ఏముంది, ఏం లేదు? ఈ ప్రశ్నలతోనే జీవితకాలం గడిపేవాళ్ళను కాగ్నిటివ్ సిస్టమ్స్ ఇంజినీర్లు అంటారు. వాళ్ళలో నదీన్ సార్టర్ ఒకరు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 1994లో పీహెచ్‌డీ చేసి, ఇల్లినాయ్‌లో, మళ్ళీ ఒహాయో స్టేట్‌లో పాఠాలు చెప్పి, తర్వాత మిషిగన్ యూనివర్సిటీలో స్థిరపడ్డారు. ఆవిడ పని వెంట నడిస్తే ఈ రంగం ఏమిటో, ఎంత నిదానంగా కదులుతుందో అర్థమవుతుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బి-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగాక ఉన్నట్టుండి బోర్లా పడేవి. రెక్కల ఫ్లాపులు మూయబోయి పైలట్లు చక్రాలు ముడిచేస్తున్నారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే కుర్ర సైకాలజిస్టు వెళ్ళి చూస్తే రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. ఆయన పైలట్లకు క్లాసు పీకలేదు. చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడి, ఫ్లాపుల మీటకు ఫ్లాపు ఆకారపు పిడి పెట్టించాడు. చీకట్లో కూడా చేతికి తేడా తెలుస్తుంది. ఆ పద్ధతి ఇవాళ్టి జెట్ విమానాల్లోనూ ఉంది. అమెరికా సైనిక విమాన కేంద్రం రైట్ ఫీల్డ్‌లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే సైకాలజిస్టులు 1947లో ‘పైలట్ తప్పిదాలు’ అని పేరుపడ్డ 460 అనుభవాలను సేకరించి వర్గీకరిస్తే, ఒకే రకం తప్పులు వేర్వేరు మనుషుల చేతుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించాయి. ఒకే తప్పు అంతమంది చేస్తున్నారంటే లోపం అంతమందిలోనూ ఉండదు కదా. ఈ ఫిట్సే తర్వాత ఒహాయో స్టేట్‌లో విమానయాన సైకాలజీ ప్రయోగశాల పెట్టాడు. సార్టర్ చదివింది ఆ యూనివర్సిటీలోనే.

మీటలూ పిడులూ ఉన్నంతకాలం ఈ శాస్త్రానికి చెయ్యి, కన్ను సరిపోయాయి. కంప్యూటర్లు వచ్చాక చిక్కు మనసులోకి మారింది. ఆ మార్పుకు పెద్ద కుదుపు విమానం నుంచి రాలేదు, అణు విద్యుత్ కేంద్రం నుంచి వచ్చింది. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్‌లో ఒక వాల్వు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కంట్రోల్ రూమ్‌లో దాని దీపం మాత్రం ఆరిపోయింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పేది వాల్వు మూసుకుందని కాదు, మూసుకోమని ఆదేశం వెళ్ళిందని. ఆదేశానికీ వాస్తవానికీ మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీలో రియాక్టర్ కోర్‌లో చాలా భాగం కరిగిపోయింది.

ఆ తర్వాత అణు రియాక్టర్లు తయారుచేసే వెస్టింగ్‌హౌస్ కంపెనీలో కంట్రోల్ రూముల మీద పనిచేసిన డేవిడ్ వుడ్స్, స్కాండినేవియాలో ఇలాంటి సమస్యల మీదే ఉన్న ఎరిక్ హోల్నగెల్ కలిసి 1983లో ఒక పత్రం రాసి, ఈ రంగానికి కాగ్నిటివ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ అని పేరు పెట్టారు. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. మనిషి ఒకవైపు, యంత్రం ఒకవైపు పెట్టి మధ్యలో తెర ఎలా ఉండాలని ఆలోచిస్తే చాలదు. ఇద్దరినీ కలిపి ఒకే ఆలోచించే వ్యవస్థగా చూడాలి. ఆ జంటకు పరిస్థితి తెలుస్తోందా, పొరపాటు జరిగితే ఆ జంట దిద్దుకోగలుగుతోందా అని కొలవాలి. అదే ఏడాది లండన్‌లో లిసాన్ బైన్‌బ్రిడ్జ్ రాసిన చిన్న పత్రం ఇంకో పుండు మీద వేలుపెట్టింది. ఆటోమేషన్ తేలిక పనులు తాను తీసుకుని, కష్టమైనవి మనిషికి వదులుతుంది. పైగా రోజూ చేతపట్టని పనిని అత్యవసర సమయంలో ఉన్నఫళంగా అద్భుతంగా చెయ్యమంటుంది. మిగతా సమయమంతా కాపలా కాయమంటుంది. కాపలా మనిషికి చేతకాని పని. బ్రిటిష్ వైమానిక దళం రాడార్ ఆపరేటర్ల సమస్య మీద నార్మన్ మాక్‌వర్త్ చేసిన ప్రయోగాల్లో, అరగంట దాటగానే చూపు చురుకు తగ్గుతుందని 1948 నాటికే తేలిపోయింది.

సార్టర్ పరిశోధన మొదలుపెట్టే నాటికి కాక్‌పిట్ మారిపోయి ఉంది. గుండ్రటి డయళ్ళ స్థానంలో తెరలు, తెరల వెనక ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్. బోయింగ్ 757 పైలట్లను ఏళ్ళ తరబడి వెంబడించి నాసాకు 1989లో నివేదిక ఇచ్చిన ఎర్ల్ వీనర్, వాళ్ళ నోట తరచు వినిపించే మూడు ప్రశ్నలు పట్టుకున్నాడు: ఇది ఏం చేస్తోంది? ఎందుకలా చేస్తోంది? తర్వాత ఏం చెయ్యబోతోంది? నవ్వులాటగా అనుకునే మాటలే. కానీ గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతున్న వస్తువు గురించి దాన్ని నడిపేవాడే అడుగుతున్న ప్రశ్నలవి.

ఈ ప్రశ్నలకు మూలం మోడ్. ఫోన్ పక్కనున్న వాల్యూమ్ బటన్ పాట వింటున్నప్పుడు పాట గొంతు తగ్గిస్తుంది, మామూలప్పుడు రింగ్ తగ్గిస్తుంది. అదే బటన్, అదే వేలు, ఫలితం వేరు. విమానంలోనూ అంతే. ఆటోపైలట్‌కు ‘కిందికి దిగు’ అని చెప్పడానికి నాలుగైదు దారులున్నాయి. ఒక మోడ్‌లో నిమిషానికి ఇన్ని అడుగులని దిగుతుంది. ఇంకోదానిలో ఒక కోణం పట్టుకుని దిగుతుంది. మరోదానిలో ఇంజన్లను ఐడిల్‌కు లాగేసి, ముక్కును పైకీ కిందికీ ఆడిస్తూ వేగం నిలబెట్టుకుంటూ దిగుతుంది. పైలట్ నొక్కకుండానే ఒక మోడ్ నుంచి ఇంకో మోడ్‌కు తనంతట తాను మారే సందర్భాలూ ఉన్నాయి. ఏ మోడ్‌లో ఉందో ముందున్న తెర పైభాగంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మోడ్ మారితే ఆ అక్షరాల చుట్టూ ఒక పెట్టె గీసి 10 సెకన్లు ఉంచుతారు. తర్వాత పెట్టె పోతుంది. ఆ 10 సెకన్లూ పైలట్ చూపు కిటికీ బయట ఉంటే, ఇక అంతే.

బెంగళూరులో ఏం జరిగిందో ఇప్పుడు తిరిగి చూడొచ్చు. విమానం ‘ఓపెన్ డిసెంట్’ అనే మోడ్‌లోకి వెళ్ళింది. ఇందాక మూడోదిగా చెప్పిన ఐడిల్ మోడ్ ఇదే. రన్‌వే దగ్గర పడ్డాక అక్కరకు రాని మోడ్. అందులోకి ఎలా వెళ్ళింది? నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగమని ఒక నాబ్ తిప్పబోయి, దాని పక్కనే ఉన్న ఎత్తు నాబ్‌ను 700కు తిప్పి ఉండవచ్చని విచారణలో ఒక అవకాశంగా పరిగణించారు. బెంగళూరు నేలే సముద్రమట్టానికి దాదాపు 2,900 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ 700 అడుగుల ఎత్తంటే భూమి లోపల ఉన్నట్టు. కంప్యూటర్‌కు అది అసంబద్ధంగా తోచలేదు.

తప్పించుకోవడానికి ఒక దారి అప్పటికీ మిగిలే ఉంది. ఇద్దరు పైలట్ల ముందూ ఫ్లైట్ డైరెక్టర్ అనే సూచిక ఉంటుంది. రెండింటినీ ఆపేస్తే ఇంజన్లు వెంటనే వేగాన్ని కాపాడే మోడ్‌లోకి మారేవి. ఒకటి ఆగింది. రెండోది ఆగలేదు. కాబట్టి ఇంజన్లు ఐడిల్‌లోనే ఉండిపోయాయి. ‘ఒకటి ఆపితే సగం పని’ అనుకోవడం మనిషి నైజం. ఇక్కడ సగం పనికి ఫలితం సున్నా. వేగం ఉండాల్సినదానికంటే ఇరవై నాట్లకు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) పైగా పడిపోయాకే శక్తి పెంచే ప్రయత్నం జరిగింది. జెట్ ఇంజన్ ఐడిల్ నుంచి పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు కావాలి. అవి అప్పటికే ఖర్చయిపోయాయి.

రెండేళ్ళు తిరక్కుండానే, 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బూర్ దగ్గర ఇంకో ఎ320 రాత్రిపూట కొండను ఢీకొంది. 87 మంది పోయారు. దర్యాప్తులో బలంగా నిలిచిన ఊహ ఇది: పైలట్లు 3.3 డిగ్రీల కోణంలో దిగమని చెప్పాలనుకుని ‘33’ తిప్పారు. కానీ అప్పుడున్న మోడ్‌లో ఆ అంకెకు నిమిషానికి 3,300 అడుగులని అర్థం. కోణానికైనా, వేగానికైనా అదే నాబ్, అదే చిన్న కిటికీ. మధ్యలో ఒక చుక్క ఉంటే కోణం, లేకపోతే వేగం. తర్వాత ఎయిర్‌బస్ ఆ కిటికీలో నాలుగు అంకెలూ పూర్తిగా కనిపించేలా మార్చింది. చపానిస్ పిడి లాంటి మార్పే ఇది. దానికి 87 ప్రాణాలు పోవాల్సివచ్చింది.

సార్టర్, వుడ్స్ ఈ ప్రమాదాల మీద వ్యాఖ్యానాలతో ఆగలేదు. ముందు పైలట్లనే అడిగారు: కొత్త విమానం మిమ్మల్ని ఎప్పుడు ఆశ్చర్యపరిచింది? జవాబులు కుప్పలుగా వచ్చాయి. వాటిలోంచి సిమ్యులేటర్ పరీక్షలు తయారుచేశారు. బోయింగ్ 737-300 నడిపే అనుభవజ్ఞులైన 20 మంది పైలట్ల మీద చేసిన పరీక్ష 1994లో అచ్చయింది. ఈ రంగంలో అసలు చేతిపని ఏమిటో అందులో కనిపిస్తుంది. సిమ్యులేటర్లో ఇంజన్‌కు మంట పెడితే పైలట్లు చక్కగా ఆర్పుతారు. దానికి ఎన్నోసార్లు తర్ఫీదు పొంది ఉంటారు, దానివల్ల మనకు తెలిసేదేం లేదు. మామూలుగా కనిపించే చిన్న పని ఇవ్వాలి, ఆ పని సరిగా చెయ్యాలంటే యంత్రం లోపల ఏముందో తెలిసి తీరాలి. ఉదాహరణకు టేకాఫ్ పరుగు మొదలై, వేగం ఇంకా తక్కువగా ఉండగానే టేకాఫ్ మానుకోమంటారు. అందరూ థ్రాటిళ్ళు, అంటే ఇంజన్ల శక్తిని పెంచి తగ్గించే మీటలు, వెనక్కి లాగుతారు. ఆ వేగంలో, ఆ మీటలను తనంతట తాను నడిపే ఆటోథ్రాటిల్ ఇంకా టేకాఫ్ మోడ్‌లోనే పనిచేస్తోంది. దాన్ని విడిగా ఆపకపోతే, చెయ్యి తీయగానే థ్రాటిళ్ళు మళ్ళీ ముందుకు పోవచ్చు. ఎక్కువమందికి అది తట్టలేదు. రోజూ నడిపే విమానమే. రోజూ జరగని సందర్భం కాబట్టి వాళ్ళ మనసులోని పటంలో ఆ మూల ఖాళీగా ఉంది.

తర్వాతి కాలంలో కళ్ళ కదలికలను పట్టే పరికరాలతో 20 మంది 747-400 పైలట్లను పరిశీలించారు. మోడ్ రాసి ఉండే చోటును చూడాల్సినప్పుడు చాలాసార్లు చూడలేదు. అది ఊహించిందే. ఊహించనిది ఇంకోటుంది: కొన్నిసార్లు కళ్ళు అక్కడికి వెళ్ళాయి, మనసుకు ఎక్కలేదు. అక్షరాలు చదివినా, ‘అంటే ఇప్పుడు విమానం ఏం చెయ్యబోతోంది’ అన్న అర్థం రాలేదు. నా దృష్టిలో ఈ రంగం ఇచ్చిన ఫలితాల్లో అన్నిటికన్నా ఇబ్బందిపెట్టేది ఇదే. ‘జాగ్రత్తగా చూడండి’ అనే సలహా విలువ ఎంతో అక్కడ తెలిసిపోయింది.

ఈ పరిశోధనలు చెప్పిన మాటను సూటిగా పెడితే: ఆటోమేషన్ బలమైనది, కానీ మాట్లాడదు. మంచి కోపైలట్ అయితే ‘సార్, వేగం తగ్గుతోంది, ఇంజన్లు ఐడిల్‌లో ఉన్నాయి’ అంటాడు. ఈ సహాయకుడు ఎంతటి పనినైనా చేస్తాడు, చేస్తున్నది మాత్రం చెప్పడు. దోషం ఆటోమేషన్ ఉండటంలో కాదు, దాని నోరు మూతపడి ఉండటంలో ఉంది. అందుకే సార్టర్ తర్వాతి పనిలో చాలా భాగం కళ్ళను వదిలి ఇతర ఇంద్రియాల వైపు మళ్ళింది. కాక్‌పిట్‌లో కళ్ళ మీద అప్పటికే మోయలేనంత పని ఉంది. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో అనుకోని మోడ్ మార్పు జరిగినప్పుడు మణికట్టు మీద చిన్న కంపనం ఇచ్చారు. తెర మీద అక్షరాలతో పోలిస్తే పైలట్లు దాన్ని ఎక్కువగా, త్వరగా పసిగట్టారు, చేస్తున్న పనికి అడ్డు రాలేదు. ప్రయాణికుల విమానాల్లో మాత్రం మోడ్ సమాచారం ఇంకా ఆ పైభాగపు అక్షరాల్లోనే ఉంది.

ఎందుకింత ఆలస్యం? 1994 ఏప్రిల్‌లో జపాన్‌లోని నగోయాలో చైనా ఎయిర్‌లైన్స్ ఎ300 పొరపాటున గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్ళీ పైకెళ్ళే) మోడ్‌లోకి వెళ్ళి, పైలట్ కిందికి నెడుతుంటే ఆటోపైలట్ పైకి లాగుతూ, చివరికి కూలి 264 మంది చనిపోయారు. ఆ తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒక బృందాన్ని వేసింది. సార్టర్ అందులో సలహాదారుల్లో ఒకరు. 1996లో వాళ్ళ నివేదిక వచ్చింది. డిజైన్, శిక్షణ, నియంత్రణ మూడింటిలోనూ లోపాలున్నాయంది. దాని బాటలో ఒక నిబంధన తయారైంది: పైలట్ వాడే వ్యవస్థ ప్రవర్తన ముందుగా ఊహించదగ్గదిగా, సందేహానికి తావులేనిదిగా ఉండాలి, పైలట్ పొరపాటును గుర్తించి దిద్దుకునే వీలుండాలి. చదివితే ఇంత మామూలు విషయానికి నిబంధన కావాలా అనిపిస్తుంది. అమెరికాలో అది అమల్లోకి వచ్చింది 2013లో. అదీ కొత్తగా ధ్రువీకరణకు వచ్చే డిజైన్లకు.

అదే ఏడాది జూలైలో ఏషియానా. ఆ రోజు రన్‌వేకి దారి చూపే గ్లైడ్‌స్లోప్ సంకేతం పనిచేయడం లేదు, కాబట్టి కంటిచూపుతో దిగాలి. విమానం ఉండాల్సినదానికంటే ఎత్తులో ఉంది. త్వరగా దిగాలని పైలట్ ఎఫ్‌ఎల్‌సీహెచ్ అనే బటన్ నొక్కాడు. కిటికీలో పెట్టిన ఎత్తుకు విమానాన్ని తీసుకెళ్ళే మోడ్ అది. కానీ అప్పటికి కిటికీలో పెట్టి ఉన్న ఎత్తు 3,000 అడుగులు, దిగడం కుదరకపోతే మళ్ళీ పైకెళ్ళడానికి పెట్టుకున్నది. దాంతో ఆటోపైలట్ పైకెక్కడం మొదలుపెట్టింది. పైలట్ ఆటోపైలట్ ఆపేసి, థ్రాటిళ్ళను ఐడిల్‌కు లాగాడు. ఆ రెండు చర్యలతో ఆటోథ్రాటిల్ ‘హోల్డ్’ అనే స్థితిలోకి వెళ్ళింది. హోల్డ్ అంటే థ్రాటిళ్ళను ఎక్కడ పెడితే అక్కడే వదిలేస్తుంది, వేగం ఎంత పడినా ముట్టుకోదు. ఆన్‌లోనే ఉంది. పని చెయ్యడం లేదు. ఉండాల్సిన వేగం 137 నాట్లు. చివరికి 103 దాకా పడింది.

777లో శిక్షణ దశలో ఉన్న ఆ కెప్టెన్‌కు ఇతర విమానాల్లో బోలెడు అనుభవం ఉంది. ఆటోథ్రాటిల్ ఉన్నంతకాలం వేగం అదే చూసుకుంటుందని నమ్మానన్నాడు. చాలా మోడ్‌లలో, వేగం మరీ తగ్గితే అది నిద్ర లేచి ఇంజన్లు పెంచుతుంది. ఈ మోడ్‌లో లేవదు. వాషింగ్టన్‌లో జాతీయ రవాణా భద్రతా మండలి బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఆటోమేషన్ గురించి చెప్పడానికి పిలిచిన నిపుణుల్లో సార్టర్ ఉన్నారు. ఇరవై ఏళ్ళ ముందు తాను సిమ్యులేటర్లో చూపించిన లోపాన్ని ఆవిడ మళ్ళీ విడమరిచి చెప్పాల్సివచ్చింది. మండలి తన నివేదికలో పైలట్ల తప్పుల్ని ఎత్తిచూపుతూనే, ఆ వ్యవస్థ సంక్లిష్టతనూ, దాన్ని మాన్యువళ్ళలోనూ శిక్షణలోనూ సరిగా వివరించకపోవడాన్నీ కారణాల్లో చేర్చింది. దీనికి ఇంకో మెలిక ఉంది. ఇదే తరహా ఆటోథ్రాటిల్ ఉన్న 787 ధ్రువీకరణ పరీక్షల్లో ఎఫ్‌ఏఏ టెస్ట్ పైలట్ ఈ సంగతి ముందే లేవనెత్తాడు. దానికి వచ్చిన పరిష్కారం డిజైన్ మార్పు కాదు, మాన్యువల్లో ఒక గమనిక.

మాన్యువల్లో గమనిక వల్ల కంపెనీకి ఖర్చు లేదు. డిజైన్ మార్చితే మళ్ళీ ధ్రువీకరణ, మళ్ళీ పైలట్లకు శిక్షణ, ముందు డిజైన్ తప్పని ఒప్పుకున్నట్టూ అవుతుంది. అందుకే ఈ పరిశోధనలన్నీ ఎక్కువగా శిక్షణ స్లైడ్లలోకి చేరుతున్నాయి, డ్రాయింగ్ బల్ల దాకా చేరేవి తక్కువ. 737 మ్యాక్స్ కథలో ఇది పరాకాష్ఠ. ఒకే సెన్సర్ మాట నమ్మి ముక్కును కిందికి నెట్టే ఎంకాస్ అనే వ్యవస్థ గురించి పైలట్ల మాన్యువల్లో గమనిక కూడా లేదు. 2018 అక్టోబర్‌లో ఇండోనేసియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది పోయారు. ఎంకాస్ తప్పుగా పనిచేస్తే పైలట్ కొన్ని సెకన్లలో గుర్తించి సరిచేస్తాడని తయారీదారు లెక్క. ఆ సమయంలో కాక్‌పిట్‌లో ఒకేసారి మోగే రకరకాల హెచ్చరికలు ఆ లెక్కలో లేవు. పైలట్ స్పందన గురించిన ఇలాంటి ఊహల్ని గట్టి పద్ధతులతో సరిచూసుకోవాలని 2019 సెప్టెంబర్‌లో అదే భద్రతా మండలి సిఫార్సు చేసింది. 1947లో ఫిట్స్‌ను అడిగినా ఇదే చెప్పేవాడు.

ఎయిర్‌బస్‌లో ఆటోథ్రస్ట్ పనిచేస్తున్నప్పుడు థ్రాటిల్ మీటలు కదలవు, బోయింగ్‌లో కదులుతాయి. కాబట్టి బోయింగ్‌లో బెంగళూరు లాంటిది జరిగేది కాదని వాదించేవాళ్ళు ఉండేవారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మీటలు ఐడిల్‌లో కదలకుండా కూర్చున్నాయి. కదలకపోవడాన్ని చెయ్యి గమనించలేదు. ఏ కంపెనీ మంచిదన్న కాక్‌పిట్ చర్చలు ఎన్నేళ్ళు నడిచినా అక్కడికే వచ్చి ఆగుతాయి.

పనిలో మనిషి తీరును చదివే ఈ శాస్త్రాన్ని హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు. అది మోడ్‌లు మాత్రమే కాదు. 2010 మే 22న మంగళూరులో టేబుల్‌టాప్ రన్‌వే దాటి లోయలో పడిన విమానంలో 158 మంది చనిపోయారు. ఆ ప్రయాణంలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయాడు, లేచాక ఆ మత్తు పూర్తిగా వదలలేదు. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు దిగొద్దన్నా కెప్టెన్ దింపాడు. అలసట, హోదా ముందు మాట పెగలకపోవడం, ఇవన్నీ ఇదే రంగంలో వేరే గదులు. 1977లో టెనెరిఫే ద్వీపంలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయాక, ఆ తర్వాతి ఏళ్ళలో నాసా చొరవతో మొదలైన కాక్‌పిట్ బృంద శిక్షణ ఆ గదుల్లోంచే వచ్చింది. పైలట్లు తమ పొరపాట్లను భయం లేకుండా చెప్పుకోవడానికి నాసా 1976 నుంచి నడుపుతున్న గోప్య నివేదికల వ్యవస్థ కూడా అంతే. పది రోజుల్లోపు రాస్తే, కావాలని చేసినది కాకపోతే, జరిమానా నుంచి రక్షణ దొరుకుతుంది. పరిశోధకులకు ఆ నివేదికలు గని.

ఈ పనిలోకి ఎలా వస్తారు? కొందరు సైకాలజీ నుంచి, కొందరు ఇంజినీరింగ్ నుంచి, కొందరు పైలట్ సీటు నుంచి. మిషిగన్‌లోనూ ఒహాయో స్టేట్‌లోనూ ఈ చదువు ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ కిందికి వస్తుంది. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్ళే మన పిల్లల్లో ఆ విభాగాన్ని మూడో నాలుగో ఆప్షన్‌గా రాసుకునేవాళ్ళే ఎక్కువ. తలుపు అవతల ఇలాంటి పని ఉందని ఎవరూ చెప్పరు. మనదేశంలో బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ వైమానిక దళం కింద దశాబ్దాలుగా పైలట్ల శరీరం, మనసు మీద పనిచేస్తోంది. ఉద్యోగాలు నాసాలో, నియంత్రణ సంస్థల్లో, దర్యాప్తు సంస్థల్లో, బోయింగ్, ఎయిర్‌బస్‌లలో ఉంటాయి. రోజువారీ పని మాత్రం ఆకర్షణీయంగా ఉండదు. గంట సిమ్యులేటర్ వీడియోను ఒక్కో చూపునూ గుర్తిస్తూ రోజుల తరబడి విప్పడం, పైలట్లతో ఓపిగ్గా మాట్లాడటం, ‘ఇది మనుషుల తప్పే కదా’ అనే మేనేజర్‌కు నివేదిక రాయడం.

ఇప్పుడు వాళ్ళ బల్ల మీదున్న పెద్ద ఫైలు వేరు. దూర ప్రయాణాల్లో మధ్య దశలో ఒక్క పైలట్‌నే కాక్‌పిట్‌లో ఉంచి, రెండోవాణ్ణి పడుకోనివ్వొచ్చా అని పరిశ్రమ అడుగుతోంది. ఖర్చు తగ్గుతుంది. ఐరోపా నియంత్రణ సంస్థ చేయించిన అధ్యయనం 2025లో బయటికి వచ్చింది. ఇప్పుడున్న కాక్‌పిట్లతో ఇద్దరు పైలట్లున్నప్పటి భద్రతకు సమానమైన భద్రతను చూపించలేమని అందులో తేలింది. ఒంటరి పైలట్ స్పృహ తప్పితే కనిపెట్టడం ఎలా, నిద్ర లేచినవాడు ఎన్ని నిమిషాల్లో పరిస్థితి అందుకుంటాడు, ఒకరి పొరపాటును ఇంకొకరు పట్టుకునే వీలు పోతే దాని స్థానంలో ఏం పెడతాం అన్నవి తేలని ప్రశ్నలు. పరిశ్రమ ఆ ఆలోచనను వదులుకోలేదు. మరింత తెలివైన కాక్‌పిట్ కావాలంటోంది. అది వస్తే, ఆ తెలివిగలది తాను ఏం చేస్తోందో ఆ ఒక్క మనిషికి ఎలా చెబుతుందన్నది సార్టర్ శిష్యుల తరం సిమ్యులేటర్లలో తేల్చాల్సిన లెక్క.